శిక్షకు తూకం ఒక్కటే ఉండాలి



ఎక్కడ ఘోరం జరిగినా మన వాట్సాప్ గ్రూపుల్లో మొదటి మాట "ఉరి తీయండి", రెండో మాట "ఎన్‌కౌంటర్ చేయండి". నేనూ ఒకప్పుడు అలా పెట్టినోడినే. ఇవాళ ఆ మాట గురించే మాట్లాడతా.

రెండు కేసులు గుర్తుచేస్తా. 2019 నవంబర్‌లో ఆసిఫాబాద్ జిల్లాలో ఒక పేద మహిళపై అత్యాచారం చేసి చంపేశారు. 2020 జనవరి 30న ఆదిలాబాద్ కోర్టు ముగ్గురికి ఉరిశిక్ష వేసింది. రెండు నెలల్లో తేలిపోయింది. 2007 ఆగస్టు 20న వాకపల్లిలో పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆడవాళ్లు చెప్పారు. 2023 ఏప్రిల్ 6న విశాఖ కోర్టు 13 మంది పోలీసులనూ నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదంటూ ఆ మహిళలకు పరిహారం ఇమ్మంది. పదిహేనేళ్లు తిరిగినా శిక్ష ఎంత అనే ప్రశ్న దాకా కేసు పోనేలేదు.

ఉరితాడు ఎక్కువైతే మనకు న్యాయం ఎక్కువవుతుందా? ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016 నివేదిక చూడండి. ఉరిశిక్ష పడ్డ ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది పేదోళ్లే.

నేరం చేసినోడిని వదిలేయమనట్లేదు. మనోడైనా సరే. చిల్లంగి అనుమానంతో ముసలామెను కొట్టి చంపితే అది హత్యే, ఆచారం కాదు. శిక్ష పడాల్సిందే. కానీ గొడ్డలి ఎత్తినోడిని, భయపడి వెనక నిలబడ్డ కుర్రోడిని ఒకే తూకంలో వేస్తే అది న్యాయం కాదు.

ఉరి అత్యంత అరుదైన కేసుల్లోనే వేయాలని, నేరంతో పాటు నేరస్తుడి పరిస్థితినీ చూడాలని 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అతని నేపథ్యం, మానసిక స్థితి వివరాలు విచారణ కోర్టులోనే తెప్పించుకోవాలని 2022లో మనోజ్ కేసులో చెప్పింది. నేరం రుజువయ్యాక శిక్ష మీద ముద్దాయి మాట విడిగా వినాలని చట్టంలోనే ఉంది. మరి కువి తప్ప తెలుగు రానోడు ఆ రోజు బోనులో నిలబడి ఏం చెప్పుకుంటాడు?

అందుకే మన డిమాండ్లు మూడు. బాధితురాలు ఎవరైనా, నిందితుడు యూనిఫాంలో ఉన్నా, దర్యాప్తు నిజాయితీగా జరగాలి. కోర్టులో మన భాష తెలిసిన దుబాసీ ఉండాలి. శిక్ష వేసే ముందు ముద్దాయి బతుకేంటో, బాధిత కుటుంబం గోడేంటో రెండూ వినాలి.

లా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఆ రోజు కోర్టులో మీరుండాలి. "ఉరి తీయండి" అని టైపు చేసే ముందు ఒక్కసారి వాకపల్లి ఆడవాళ్లను తలుచుకోండి.

జై ఆదివాసీ!