కాథోడ్ కిరణాలు: పంపు తీర్చిన తగవు



మూలకుళంలోగానీ యానాంలోగానీ పాతసామాన్ల కొట్లో వెనకభాగం బాగా ఉబ్బిన టీవీ కనిపిస్తే ఆగి చూడండి. అందులోని గాజు బుడ్డి పేరు కాథోడ్ కిరణ నాళం. ఇలాంటి పాఠాలను మీ ముందుతరం దాని తెరమీదే చూసింది. ఆ తెరను వచ్చి తాకేది ఏమిటన్న విషయంపై 19వ శతాబ్దంలో పెద్ద తగవే నడిచింది.

గాలి తీసేసిన గాజు నాళంలో రెండు ఎలక్ట్రోడ్లు అమర్చి అధిక వోల్టేజి ఇస్తే గాజుగోడ ఆకుపచ్చగా మెరుస్తుంది. బాన్ నగరంలో ప్లూకర్ 1858-59లో దీన్ని గమనించాడు. అయస్కాంతాన్ని దగ్గరకు తెస్తే ఆ మెరుపు పక్కకు జరిగింది. దారిలో వస్తువును అడ్డుపెడితే నీడ పడుతుందని 1869లో ఆయన శిష్యుడు హిటార్ఫ్ చూపాడు. 1876లో గోల్డ్‌స్టైన్ వీటికి కాథోడ్ కిరణాలని పేరుపెట్టాడు.

ఇవి కాంతివంటి తరంగాలేనని జర్మనీలో చాలామంది అన్నారు. అయస్కాంతానికి వంగుతున్నాయి కనుక రుణావేశం గల కణాలని ఇంగ్లండులో క్రూక్స్ వాదించాడు. తేల్చే మార్గం తేలికే. రెండు లోహపు పలకల మధ్య విద్యుత్ క్షేత్రంలోంచి కిరణాలను పంపాలి. ఆవేశముంటే వంగాలి. 1883లో హెర్ట్జ్ అదే చేశాడు. కిరణాలు వంగలేదు!

ఇక్కడ కాస్త నిదానించండి. హెర్ట్జ్ సామాన్యుడు కాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే రేడియో తరంగాలను పుట్టించి చూపినవాడు. చూసింది చూసినట్టే చెప్పాడు. దెబ్బతీసింది నాళంలో మిగిలిన కాస్తంత వాయువు. కిరణాలు తగిలి అది అయనీకరణం చెందింది. ధన అయాన్లు రుణ పలకవైపు, రుణ అయాన్లు ధన పలకవైపు చేరి మధ్యనున్న క్షేత్రాన్ని దాదాపు మాపేశాయి. క్షేత్రమే లేకపోతే కిరణాలు ఎందుకు వంగుతాయి?

1895లో, అంటే పుదుచ్చేరి, యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న రోజుల్లో, పారిస్‌లో జీన్ పెర్రిన్ ఈ కిరణాలను లోహపు డొల్లలోకి పంపి, అందులో రుణావేశం చేరుతోందని చూపాడు. ఎదుటిపక్షం ఒప్పుకోలేదు. ఆవేశం కిరణాల వెంట వచ్చి ఉండవచ్చు, కిరణాలే ఆవేశమని ఎలా అంటారని అడ్డు తగిలింది. ప్రశ్న న్యాయమైనదే.

1897లో కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో జె.జె. థామ్సన్ హెర్ట్జ్ ప్రయోగాన్నే మళ్లీ చేశాడు. మొదట ఆయనకూ అదే ఫలితం. నాళంలోంచి గాలిని ఇంకా లాగించాడు. ఈసారి మచ్చ జరిగింది. పలకల మధ్య 2 వోల్టుల తేడాకే కదలిక తెలిసింది. థామ్సన్ చేతిపనిలో అంత నేర్పరి కాడు; గాజు నాళాలు ఊది ఇచ్చినవాడు ఆయన సహాయకుడు ఎబెనీజర్ ఎవరెట్. పాఠ్యపుస్తకాలు ఆ పేరు కూడా చెబితే బాగుండును.

నాళంలో ఏ వాయువున్నా, ఎలక్ట్రోడ్ ఏ లోహమైనా, కిరణాల ఆవేశానికీ ద్రవ్యరాశికీ నిష్పత్తి ఇంచుమించు ఒకటే వచ్చింది. అది హైడ్రోజన్ అయాన్ నిష్పత్తికి సుమారు వెయ్యిరెట్లు. అంటే ఆవేశం చాలా ఎక్కువైనా కావాలి, ద్రవ్యరాశి చాలా తక్కువైనా కావాలి. ఏది నిజం? 1899లో ఆవేశాన్ని విడిగా కొలిచాక తేలింది: ఆవేశం హైడ్రోజన్ అయాన్‌దంతే, తక్కువది ద్రవ్యరాశే. మనం ఎలక్ట్రాన్ అనే ఆ కణం ద్రవ్యరాశి, నేటి కొలతల ప్రకారం, ప్రోటాన్‌లో సుమారు 1836వ వంతు.