పరీక్ష కాగితంలోని ‘పాజిటివ్’: నింద కాదు, నిదానం అవసరం



గర్భం నిలువక దుఃఖంలో ఉన్న స్త్రీ చేతికి టార్చ్ పరీక్ష ఫలితం వస్తుంది. అందులో ‘టాక్సోప్లాస్మా’ అన్న పేరు ఎదుట ‘పాజిటివ్’ అని ఉంటుంది. వైద్యులు వివరించేలోపే ఇంట్లో నింద మొదలవుతుంది. పిల్లిని ముట్టుకున్నందుకే ఇలా జరిగిందని ఒకరు, ఇక సంతానం కలుగదని మరొకరు అంటారు. ఆ కాగితం చెప్పేది అది కాదు.

టాక్సోప్లాస్మా ఒక ఏకకణ పరాన్నజీవి. 1908లో ట్యూనిస్ నగరంలో నికోల్, మాన్సో అనే శాస్త్రవేత్తలు దీనిని గుర్తించారు. సరిగా ఉడకని మాంసం, పిల్లి మలంతో కలుషితమైన మట్టి, నీరు, కడగని కూరల ద్వారా ఇది సోకుతుంది. సోకిన సంగతి చాలామందికి తెలియనే తెలియదు.

దేహం మాత్రం ఊరకుండదు. మొదట ఐజీఎం, కొద్ది వారాలలో ఐజీజీ అనే ప్రతిరక్షకాలు పుడతాయి. ఐజీజీ సాధారణంగా జీవితాంతం నిలుస్తుంది. ఇంటర్ఫెరాన్ గామా అనే పదార్థం సాయంతో రక్షణకణాలు క్రిమిని అణచి ఉంచుతాయి. అయితే గర్భకాలంలో, తండ్రి అంశ కూడా గల శిశువును పరాయిదిగా ఎంచి తరిమివేయకుండా, తల్లి దేహం మావి వద్ద తన పోరును అదుపులో ఉంచుకుంటుంది. అప్పుడు తొలిసారి సోకిన క్రిమి మావిని దాటవచ్చు. దానిపై సాగే పోరు మితిమీరినా మావికే హాని. తొలి నెలలలో శిశువుకు సోకడం అరుదు, సోకితే హాని తీవ్రం. చివరి నెలలలో సోకడం ఎక్కువ, హాని తక్కువ.

కనుక ప్రమాదం ప్రధానంగా గర్భకాలంలో కలిగే కొత్త సోకుతోనే. గర్భానికి చాలా ముందే ఏర్పడిన ఐజీజీ, రోగనిరోధకశక్తి బాగున్న స్త్రీకి రక్షణ. ఐజీఎం కొందరిలో ఏడాదికి పైగా కనిపిస్తుంది. అదొక్కటే కొత్త సోకుకు రుజువు కాదు. ఎవిడిటీ పరీక్షలో ప్రతిరక్షకాల పట్టు గట్టిగా తేలితే, సోకి కనీసం మూడు నాలుగు నెలలైనట్లు. పట్టు బలహీనమైతే మాత్రం ఏదీ నిశ్చయంగా చెప్పలేము. పదేపదే గర్భం పోతుంటే పాత సోకుపై నెపం వేసి ఆగక, థైరాయిడ్, గర్భాశయ నిర్మాణం, క్రోమోజోములు వంటి ఇతర కారణాలను వెదకాలి. ఒక్క కాగితం చూసి మందులు వాడరాదు.

గర్భిణి మాంసాన్ని పూర్తిగా ఉడికించి తినాలి. కూరలు బాగా కడగాలి. మట్టిపని చేస్తే చేతులు శుభ్రపరచుకోవాలి. పిల్లిని వదిలివేయనక్కరలేదు. దాని మలంలోని క్రిమి సోకే స్థితికి రావడానికి ఒకటి నుండి ఐదు రోజులు పడుతుంది గనుక, ఇంట్లో మరొకరు రోజూ ఎత్తివేస్తే చాలు. ఆ మరొకరు నిందించడం మాని ఆ పని చేపడితే, అదే ఆమెకు నిజమైన తోడు.