ఒకే కోడి – రెండు రకాల కండ

(జహీరాబాద్ విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరైనవాడిని గనుక, ఆరోగ్యం గురించి మాట్లాడమంటే నేను కోడితోనే మొదలుపెడతాను. శాకాహారులు మన్నించాలి. నేను చెప్పేది కూర గురించి కాదు, కండ గురించి.

కోడి రొమ్ము మాంసం తెల్లగా, కాలి మాంసం ముదురు రంగులో ఉండటం మనందరం చూసిందే. కోడి పొద్దస్తమానం నడుస్తుంది, పెంటకుప్ప గెలుకుతుంది. కాబట్టి కాలి కండలో ఆగకుండా పనిచేసే పోగులు ఎక్కువ. వాటికి ప్రాణవాయువు అందించే మయోగ్లోబిన్ అనే ఇనుము గల పదార్థం వల్లనే ఆ ఎరుపు. రొమ్ము కండ పని వేరు. కుక్క తరిమితే ఒక్క ఉదుటున గోడ ఎక్కాలి. అది దాదాపు అంతా వేగపు పోగే. క్షణంలో బలం చూపి, అంతే త్వరగా అలసిపోతుంది. చలికాలంలో మన మంజీరా అభయారణ్యానికి వచ్చే వలస బాతులకు రొమ్ము కండ కూడా ఎర్రగానే ఉంటుంది, దూరాలు ఎగరాలి గనుక.

ఆ మొదటి క్షణాల బలానికి ఇంధనం ఫాస్ఫోక్రియాటిన్. దాన్ని 1927లో అమెరికాలో ఫిస్క్‌తో కలిసి వెల్లడించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే.

రొమ్ములోనూ, కాలిలోనూ ఉన్న జన్యువులు ఒకటే. మరి ఈ తేడా ఎక్కడిది? మన ఆఫీసులనే తీసుకోండి. రూల్సు పుస్తకం అందరికీ ఒకటే. బిల్లుల సెక్షను ఒక పేజీ తీస్తుంది, సెలవుల సెక్షను మరో పేజీ తీస్తుంది. కండను ముడిచే మయోసిన్ అనే ప్రొటీనుకు వేగపు రకం జన్యువులు వేరు, నిదానపు రకం జన్యువులు వేరు. ఏ కండ ఏ పేజీ తెరిచిందన్నదే జన్యు వ్యక్తీకరణ.

పేజీ తెరవమని చెప్పే వాటిలో నరం ముఖ్యమైనది. 1960లో ఎకిల్స్ మొదలైన శాస్త్రజ్ఞులు పిల్లులలో వేగపు కండ నరాన్ని నిదానపు కండకు కలిపితే, ఆ కండ వేగం పుంజుకున్నది. అంటే కండ స్వభావం పుట్టుకతోనే ముగిసిపోదు. దానికి ఏ పని చెబుతున్నామో దాన్నిబట్టి కొంత మారుతుంది.

బ్రాయిలరుకు హార్మోను సూదులు వేస్తారని చాలామంది అనుకుంటారు. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వారు పాత, కొత్త జాతులను ఒకే మేతతో పెంచి 2014లో ఫలితాలు ప్రకటించారు. 56 రోజులకు 1957 నాటి జాతి 905 గ్రాములు తూగితే, 2005 నాటి జాతి 4,202 గ్రాములు తూగింది. ఈ తేడా తరతరాల ఎంపిక వల్ల వచ్చింది. అయితే అంత త్వరగా పెరిగిన రొమ్ము కొన్ని కోళ్ళలో చెక్కలా గట్టిపడుతున్నది. కండ పెరిగినంత మాత్రాన ఆరోగ్యం కాదని దీనివల్ల తెలుస్తుంది.

ఇక మన సంగతి. మనిషి కండలో రెండు రకాల పోగులూ కలిసి ఉంటాయి. వయసు పైబడేకొద్దీ ఎక్కువగా సన్నబడేవి వేగపు పోగులు. కాలు జారినప్పుడు చటుక్కున నిలదొక్కుకోవడానికి అక్కరకు వచ్చేవి అవే. బాత్‌రూములో పడి తుంటి విరిగితే ఇల్లంతా మంచానికి కట్టుబడినట్టే. రోజూ సాయంత్రం నడుస్తున్నాం, చాలదా అంటారు. నడక మంచిదే, మానవద్దు. కానీ అది ఎక్కువగా నిదానపు పోగుల పని. వేగపు పోగులకు బరువు పని కూడా చెప్పాలి.

ఇప్పుడేం లాభం అని నిరాశపడవద్దు. 1990లో అమెరికాలో సుమారు 90 ఏళ్ళ వయసు గల 10 మంది వృద్ధుల చేత 8 వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారు. చివరిదాకా చేసిన 9 మందిలో బలం సగటున 174 శాతం పెరిగింది.

మనకు జిమ్ములు అక్కరలేదు. గోడకు ఆనించిన గట్టి కుర్చీలోంచి, చేతులు ఆన్చకుండా పదిసార్లు లేచి కూర్చోండి. మొదట పక్కన ఎవరైనా ఉండాలి. గుండె జబ్బు, బి.పి., మోకాళ్ళ నొప్పి ఉన్నవారు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. జొన్నరొట్టెతో పాటు పప్పు, పెరుగు, గుడ్డు, తినేవారు కోడిమాంసం తగుమాత్రం తీసుకోండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ప్రొటీను ఎంత తినాలో డాక్టరునే అడగాలి.

ఇంట్లోని పిల్లలకు ఒక మనవి. "తాతయ్యా, నువ్వు లేవకు, నేను తెస్తా" అనడం ప్రేమే. కానీ ఆయన చేయగలిగిన పని ఆయననే చేయనివ్వండి.