కంప్యూటర్లలో ఖాళీ జాగా – సభ్యులు అడగవలసిన లెక్క

(వెలుగోడులో జరిగిన పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు నగదు పుస్తకం చూస్తాడు, స్టాకు రిజిస్టరు చూస్తాడు, దాణా బస్తాలు లెక్కపెడతాడు. ఇవి మీకు తెలిసినవే. ఈ రోజులలో వీటికి తోడు మరొక లెక్క చూడవలసి ఉన్నది. అది కంప్యూటర్లలో ఖాళీ జాగా లెక్క. ఇది కంప్యూటరు నడిపే కుర్రవాడి పని, మనకెందుకని కొందరు అనుకోవచ్చు. కాని పూటపూటకూ మీరు పోసిన పాల కొలత, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., మీకు రావలసిన పైకం అన్నీ ఆ జాగాలోనే ఉంటాయి. క్యాను నిండితే పాలు పొర్లి కంటికి కనబడతాయి. కంప్యూటరు డిస్కు నిండితే ఏదీ పొర్లదు, కొత్త పద్దు ఎక్కదు, అంతే. బిల్లు రోజున గాని సభ్యునికి తెలియదు.

ఇది చిన్న సంఘాలకు మాత్రమే వచ్చే ఇబ్బంది కాదు. 2023 ఆగస్టులో జపానులో టొయోటా మోటారు కంపెనీకి ఇదే జరిగింది. విడిభాగాల ఆర్డర్లు చూసే సర్వర్లలో ఆగస్టు 27న నిర్వహణ పని చేపట్టారు. పేరుకుపోయిన సమాచారాన్ని తొలగించి సర్దుతుండగా డిస్కులో జాగా చాలక పని ఆగిపోయింది. ఆపదకు ఆదుకోవలసిన రెండవ ఏర్పాటు కూడా అదే వ్యవస్థ మీద నడుస్తున్నందున అదీ అట్లే ఆగింది. 29వ తేదీన ఆ దేశంలోని 14 కర్మాగారాలు నిలిచిపోయాయి. ఎక్కువ జాగా గల సర్వరుకు సమాచారం మార్చిన తరువాత, 30న పని తిరిగి మొదలైనది.

దీనిలో మనకు రెండు పాఠాలు ఉన్నాయి. ఇల్లు సర్దడానికి కూడా కొంత ఖాళీ చోటు కావాలి. పూర్తిగా నిండేవరకు ఆగితే సర్దుబాటు కూడా కష్టమే. రెండవది, నకలు దాచే యంత్రంలోని జాగాను కూడా అసలు యంత్రంతో సమానంగా చూడాలి.

జాగాను తినేది ఏమిటో ఒక లెక్క వేసి చూద్దాం. 150 మంది సభ్యులు రెండు పూటలా పాలు పోస్తే ఏడాదికి 1,09,500 పద్దులు. ఒక్కొక్క పద్దుకు 200 అక్షరాల చోటు అనుకున్నా, ఏడాదికి దాదాపు 22 ఎం.బి. మాత్రమే. వెయ్యి ఎం.బి.లు ఒక జి.బి. కనుక, ఒక్క జి.బి.లో నలభై ఏండ్ల పాల పద్దులు పడతాయి. మరి డిస్కు ఎందుకు నిండుతుంది? రోజూ తీసే నకళ్ల వలన. రోజుకు 100 ఎం.బి. నకలు తీసి, పాతవి తీయకుండా ఉంచితే ఏడాదికి 36 జి.బి. దాటుతుంది. కెమెరా బొమ్మలు, యంత్రం తనకు తాను రాసుకునే దినచర్య ఫైళ్లు దీనికి అదనం. గింజలు కొద్ది, పొట్టు ఎక్కువ అన్నమాట.

ఇక అన్ని సంఘాల లెక్కలు చేరే చోట ఒక్క కంప్యూటరు కాదు, పలు యంత్రాలు కలిసి పని చేస్తాయి. ఒకటి పద్దులు అందుకుంటుంది, ఒకటి బిల్లు వేస్తుంది, ఒకటి నకళ్లు దాస్తుంది. "మొత్తం మీద సగం ఖాళీ" అని ఎవరైనా చెబితే తృప్తి పడకండి. నీరు శ్రీశైలం నుండి పోతిరెడ్డిపాడు, బానకచర్ల మీదుగా మన వెలుగోడుకు వస్తుంది. మన జలాశయం పట్టేది సుమారు 17 టి.ఎం.సి.లు. ఇక్కడ నిండిన తరువాత, శ్రీశైలంలో ఎంత జాగా ఉన్నా ఇక్కడికి వదిలే నీరు ఆపవలసిందే. రెండింటి ఖాళీని కలిపి చెబితే ఎవరికీ ఉపయోగం లేదు. యంత్రాల సంగతీ అంతే. నిండిన ఒక్కటి మిగిలినవాటి పని ఆపగలదు.

కావున ప్రతి యంత్రాన్ని విడివిడిగా చూసి, ఒకే కాగితం మీద రాయాలి. లినక్స్ యంత్రాలలో 'డి.ఎఫ్.' అనే ఆజ్ఞ దీనికోసమే ఉన్నది. ఒకచోట కూర్చుని అన్ని యంత్రాలనూ దానితో వరుసగా అడగవచ్చు. విండోస్‌లో డిస్కు గుర్తు క్రింద గీత కనబడుతుంది. ఖాళీ పదోవంతుకు తగ్గితే అది ఎర్రబడుతుంది.

ఇందులో మూడు మోసాలు ఉన్నాయి. లినక్స్‌లో జాగా ఉండి కూడా ఫైళ్ల పట్టికలో వరుసలు అయిపోతే కొత్త ఫైలు పుట్టదు. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో చేరితే ఇట్లా అవుతుంది. దానిని వేరుగా చూడాలి. రెండవది, ఫైలు తీసివేసినా, దానిని ఏదైనా ప్రోగ్రాము తెరిచి ఉంచుకుంటే ఆ జాగా వెంటనే తిరిగి రాదు. మూడవది అన్నిటికంటె ముఖ్యం. అడిగినప్పుడు ఒక యంత్రం పలకకపోతే, దాని గడిని ఖాళీగా వదలకూడదు. "జవాబు లేదు" అని రాయాలి. నివేదిక పంపని సంఘాన్ని లోపం లేని సంఘమని మేము రాసుకోము గదా!

సభ్యులకు నా మనవి ఇది. ప్రతి వారం ఈ లెక్క తీయడానికి ఒక బాధ్యుడిని, ఆయన లేనప్పుడు చూసే మరొకరిని తీర్మానం ద్వారా నియమించండి. నేటి అంకెతో పాటు గతవారం అంకె కూడా రాయించండి. 60 జి.బి. ఖాళీ ఉండి రోజుకు 2 జి.బి. చొప్పున తరుగుతుంటే మనకున్న గడువు నెల రోజులే. ఎనభై శాతం నిండగానే కారణం వెతకాలి, తొంభై దాటకముందే చోటు చేయాలి. ఏ ఫైళ్లు తీయవచ్చునో పాలకవర్గం ముందే నిర్ణయించాలి. ఆడిట్ పూర్తి కాని సంవత్సరపు పాల పద్దులను, బిల్లులను జాగా కోసమని ఎవ్వరూ తాకరాదు.

చేతికి వచ్చిన చీటీలను బిల్లు అందేదాకా భద్రంగా ఉంచుకోండి. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఆదాయ వ్యయాలు అడిగినట్టే, ఏ యంత్రంలో ఎంత జాగా ఉన్నదో కూడా అడగండి. అడిగే సభ్యులున్న సంఘంలో లెక్క సక్రమంగా నడుస్తుంది.