మొదటి పేజీ ఎవరి కోసం?

(మన బడి స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"కంప్యూటర్ల గురించి పావుగంట మాట్లాడన్నా" అని సంఘం వాళ్లు ఫోన్ చేశారు. బహుశా నేను కృత్రిమ మేధ గురించి చెప్తాననుకుని ఉంటారు. నేను చెప్పబోయేది అంత పెద్ద సంగతి కాదు. ఒక పనిముట్టును కొత్తవాడి చేతికిచ్చేటప్పుడు దాంతోపాటు ఒక పేజీ రాసిస్తాం కదా, ఇలా మొదలుపెట్టు అని, ఆ పేజీ గురించి. ఆ పేజీని నేనొకసారి తప్పుగా రాశాను. దానివల్ల మన వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉద్యోగం పోయేదాకా వచ్చింది. గురువుల ముందు ఆ తప్పు ఒప్పుకోవడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదని ఒప్పుకున్నాను.

ముందు ఆ పనిముట్టు ఏమిటో చెప్పాలి. లక్డారంలో పుట్టినవాళ్లకు ఇది సులువుగానే అర్థమవుతుంది. మన ఊళ్లో ఇల్లు కట్టేవాడు కంకర తనే కొట్టుకోడు. క్రషర్‌కు ఫోన్ చేసి 20 ఎంఎం రెండు టిప్పర్లు తెప్పించుకుంటాడు. సిమెంటు ఒక చోటు నుంచి, స్టీలు ఇంకో చోటు నుంచి వస్తాయి. సాఫ్ట్‌వేర్ కూడా అంతే. తేదీలు లెక్కగట్టేది, ఈమెయిల్ పంపేది, రసీదు ముద్రించేది, ఇవన్నీ ఎవరో ఎక్కడో ముందే రాసి ఉచితంగా పెట్టి ఉంటారు. వాటిని లైబ్రరీలు అంటాం. మనం తెచ్చుకున్న లైబ్రరీ ఇంకో నాలుగింటి మీద ఆధారపడుతుంది, ఆ నాలుగూ మరికొన్నింటి మీద. దేనికి ఏది కావాలి, ఎన్నో రకం కావాలి అని లెక్క చూసి, అన్నీ తెచ్చి పెట్టే మేస్త్రీ లాంటి పనిముట్టును డిపెండెన్సీ మేనేజర్ అంటారు. జావాస్క్రిప్ట్‌కు ఎన్‌పీఎం, రూబీకి బండ్లర్, పీహెచ్‌పీకి కంపోజర్. నా బతుకుదెరువు పీహెచ్‌పీ కాబట్టి కంపోజర్ గురించే చెప్తాను. నిల్స్ ఆడెర్మన్, జోర్డి బోగియానో అనే ఇద్దరు దాన్ని మొదలుపెట్టి 2012 మార్చిలో విడుదల చేశారు. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. దాని ఉపయోగం చెప్పే పేజీలూ అంతే.

ఈ ఆధారపడటం ఎంత దూరం పోయిందో తెలియాలంటే 2016 మార్చిలో జరిగింది చెప్పాలి. అజెర్ కోచులు అనే ప్రోగ్రామర్‌కు ఎన్‌పీఎం నడిపే సంస్థతో ఒక పేరు దగ్గర పేచీ వచ్చింది. ఆయన కోపంతో తాను పెట్టిన లైబ్రరీలన్నీ వెనక్కి తీసేసుకున్నాడు. అందులో ఒకటి లెఫ్ట్‌ప్యాడ్. మొత్తం 11 లైన్లు. ఒక పదానికి ఎడమవైపు ఖాళీలు చేర్చడం తప్ప అది చేసేదేమీ లేదు. దాని పేరు కూడా విననివాళ్ల పనులు ప్రపంచమంతా ఆగిపోయాయి. కొన్ని గంటల్లోనే దాన్ని మళ్లీ తెచ్చి పెట్టాల్సి వచ్చింది.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

కంపోజర్‌లో రెండు ఫైళ్లుంటాయి. కంపోజర్ డాట్ జేసన్ అనేది మనం రాసే ఆర్డరు. "రసీదు ముద్రించే లైబ్రరీ కావాలి, ఫలానా రకం నుంచి ఫలానా రకం దాకా ఏదైనా సరే" అని అందులో ఉంటుంది. కంపోజర్ డాట్ లాక్ అనేది కంపోజర్ రాసుకునేది. చివరికి తెచ్చింది కచ్చితంగా ఏ రకమో అందులో ఉంటుంది. పాశమైలారంలో మందుల కంపెనీల్లో చేసేవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు, మీకు చెప్పక్కర్లేదు. ఫార్ములాలో లాక్టోజ్ ఇన్ని కిలోలు అని ఉంటుంది. బ్యాచ్ రికార్డులో మాత్రం ఏ సరఫరాదారు, ఏ లాటు, ఏ ఏఆర్ నంబరు అని రాసి సంతకం పెడతారు. జేసన్ ఫార్ములా, లాక్ బ్యాచ్ రికార్డు. పోలిక ఇంతవరకే, ఇంకా సాగదీస్తే తెగుతుంది.

కంపోజర్‌కు ఇచ్చే ఆదేశాలు కూడా ముఖ్యంగా రెండు. "కంపోజర్ ఇన్‌స్టాల్" అంటే లాక్ ఫైల్ చూసి అందులో ఉన్నవి ఉన్నట్టు తెచ్చిపెట్టు. "కంపోజర్ అప్‌డేట్" అంటే ఆ పాత రికార్డు పక్కన పెట్టు, ఆర్డరు మళ్లీ చదువు, ఇవాళ దొరికేవాటిలో కొత్తవి తే, కొత్త రికార్డు రాయి. మొదటిది జనం వాడుతున్న సర్వర్ మీద నడపొచ్చు. రెండోది నడపకూడదు. మన సొంత కంప్యూటర్‌లో నడిపి, పరీక్షించి, లాక్ ఫైల్‌ను మిగతావాళ్లకు పంపాలి.

2014లో నేను పనిచేసే చోట కొత్తవాళ్ల కోసం ఒక పేజీ రాశాను. అప్పటికి ఆ ప్రాజెక్టుకు ఇంకా లాక్ ఫైల్ లేదు. కాబట్టి నాలుగో మెట్టుగా "కంపోజర్ అప్‌డేట్ నడపండి" అని రాశాను. ఆ రోజుకు అది తప్పు కాదు. వారం తిరిగేసరికి లాక్ ఫైల్ వచ్చింది. ఆ రోజే "అప్‌డేట్" తీసి "ఇన్‌స్టాల్" అని మార్చాల్సింది. మార్చలేదు. పని తెలిసినవాడు మొదటి పేజీ తెరవడు. అందుకే అందులో పడ్డ తప్పు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

2017లో ఒక సోమవారం. మేం చేసిచ్చిన సైటు ఒకటి ఒక ఆసుపత్రిలో ఓపీ టోకెన్లు ఇస్తుంది. ఒక డాక్టరు పేరులో అక్షరం తప్పు పోయింది, దిద్దాలి. పెద్దవాళ్లెవరూ లేరు. చేరి మూడు వారాలైన ఒక అమ్మాయికి ఆ పని అప్పజెప్పారు. సంగారెడ్డి వైపు అమ్మాయి, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆమె బుద్ధిగా నా పేజీ ముందు పెట్టుకుని ఒక్కో మెట్టు చేసుకుంటూ పోయింది. నాలుగో మెట్టు సర్వర్ మీదే నడిపింది. మా ఆర్డరులో టోకెన్ ముద్రించే లైబ్రరీకి పై హద్దు రాయలేదు, "ఒకటిన్నర, అంతకు పైన ఏదైనా" అని వదిలేశాం. అదీ నా చేతి రాతే. ఈలోపు రెండో రకం వచ్చింది, లోపలి పేర్లన్నీ మారిపోయాయి. కంపోజర్ చెప్పినట్టే దాన్ని తెచ్చిపెట్టింది. తెర తెల్లబడింది. ఉదయం తొమ్మిదింటికి ఆసుపత్రి ముందు లైను.

ఏం జరిగిందో కనిపెట్టడానికి రెండున్నర గంటలు పట్టింది. బాగుచేయడానికి నాలుగు నిమిషాలు. పాత లాక్ ఫైల్ తెచ్చి పెట్టి "కంపోజర్ ఇన్‌స్టాల్" అనడమే.

మధ్యాహ్నం మీటింగు పెట్టారు. "సర్వర్ మీద అప్‌డేట్ ఎవరు నడిపారు?" అని అడిగితే ఆ అమ్మాయి లేచి నిలబడింది. నేను అక్కడే ఉన్నాను. మాట్లాడలేదు. బయటికి వచ్చాక వరండాలో నన్ను ఆపి, ప్రింటు తీసుకున్న కాగితం చూపించింది. "పేజీల ఉన్నదే చేసిన సార్" అంది. కింద నా పేరుంది. రాత్రి ఎనిమిదింటికి గాని మేనేజరుకు ఉత్తరం రాయలేకపోయాను, తప్పు పేజీదని, పేజీ నాదని. ఉద్యోగం నిలబడింది. కానీ ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు. నాకు మాత్రం ఏమీ కాలేదు. అది ఇప్పటికీ నాకు న్యాయంగా అనిపించదు.

ఆ తర్వాత నాలుగు శనివారాలు ఆమె, నేను ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆ పేజీ మళ్లీ రాశాం. రాసింది ఆమె అనే చెప్పాలి, నేను టైపు చేశాను. పద్ధతి ఒకటే. ఆమె చదువుతూ చేసుకుపోవాలి, నేను నోరు మెదపకూడదు. ఎక్కడ ఆగిందో రాసుకోవాలి. చెప్పడానికి తేలికే గానీ, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

"ప్రాజెక్టు రూట్ నుంచి నడపండి" అని రాశాను. రూట్ అంటే నా ఉద్దేశం ప్రాజెక్టు పై ఫోల్డరు. లినక్స్‌లో రూట్ అంటే సర్వాధికారాలున్న యూజర్ కూడా. ఆమె ఆ అధికారంతోనే నడిపింది. అలా నడపొద్దని కంపోజరే తెర మీద హెచ్చరిస్తుంది. కానీ పేజీ ఒకటి చెప్తుంటే తెర ఇంకోటి చెప్తే కొత్తవాళ్లు పేజీనే నమ్ముతారు. "వెండార్ ఫోల్డరు చూడండి" అన్నాను. పటాన్‌చెరులో వెండార్ అంటే కంపెనీకి సామాను సరఫరా చేసేవాడు. "వాళ్ల బిల్లులు ఇక్కడెందుకుంటయి సార్?" అని అడిగింది. కంపోజర్ తెచ్చిన లైబ్రరీలన్నీ పడే చోటు అది, దాన్ని చేత్తో ముట్టుకోకూడదు. ఈ ఒక్క ముక్క నేనెక్కడా రాయలేదు.

ఇంకో సంగతి. నా పేజీలో అన్నీ సవ్యంగా జరిగితే ఏమవుతుందో ఉంది, జరగకపోతే ఏం చేయాలో లేదు. కొత్త కంప్యూటర్‌లో తరచుగా ఎదురయ్యే తప్పు ఒకటుంది. ఎంబీస్ట్రింగ్ అనే భాగం మీ కంప్యూటర్‌లో లేదు అంటుంది. ఇంగ్లిషులో ఎర్రగా నాలుగు లైన్లు. చూడగానే ఏదో పాడుచేశామని భయపడతారు. నిజానికి ఆ ఒక్క భాగం ఎక్కించుకుంటే చాలు. అదెందుకో తెలుసా? కంప్యూటర్‌లో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. తెలుగు అక్షరాలకు, గుణింతపు గుర్తులకు యూనికోడ్‌ను నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడేసి బైట్లు పడతాయి. అలాంటి అక్షరాలను తెగ్గోయకుండా లెక్కపెట్టేది ఆ భాగమే. తెలుగు పిల్లల్ని మొట్టమొదట భయపెట్టేది తెలుగు కోసం కావలసిన భాగమే అన్నమాట. ఈ ముక్క పేజీలో చేర్చాక ఆ దగ్గర ఆగినవాళ్లు నాకు కనిపించలేదు.

చివరికి పదకొండు మెట్లు నాలుగయ్యాయి. అన్నిటికంటే పైన, ఈ పేజీ పూర్తయ్యేసరికి మీ తెర మీద ఏం కనిపించాలో బొమ్మ పెట్టాం. "సర్వర్ మీద అప్‌డేట్ నడపొద్దు" అన్న మాట, ఎందుకో కారణంతో సహా, గడి కట్టి రాశాం. టోకెన్ లైబ్రరీకి టోపీ గుర్తు పెట్టి పై హద్దు కట్టాం. టోపీ పెట్టి 1.5 అని రాస్తే 2.0 లోపు రకాలను రానిస్తుంది, 2.0ను రానివ్వదు.

కంపోజర్ సొంత పేజీల సంగతి కూడా చెప్పాలి. అవి మంచి పేజీలే. లాక్ ఫైల్ ఉంటే ఏమవుతుంది, లేకపోతే ఏమవుతుంది అని రెండో పేజీలో విడదీసి చెప్తారు. నా ఫిర్యాదు ఒక్కటే. మొదటి పేజీ మొదట్లోనే "ఇది యమ్, ఆప్ట్ లాంటిది కాదు" అనే పోలిక వస్తుంది. ఆ రెండూ లినక్స్‌లో సామాను ఎక్కించే పనిముట్లు. లినక్స్ తెలిసినవాడికి ఆ పోలిక దీపం. విండోసూ ఫోనూ తప్ప వేరే చూడని ఇస్నాపూర్ పిల్లాడికి తెలియని ఒక పేరును తెలియని రెండు పేర్లతో వివరించినట్టు. రాసినవాళ్లు తమలాంటి చదువరినే ఊహించుకున్నారు. నేనూ అదే చేశాను.

అంతా తెలుగులో రాస్తే సరిపోతుందా అని అడుగుతారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చారు, తెలుగు వికీపీడియా 2003 నుంచి నడుస్తోంది, కాబట్టి తెలుగులో కుదరదనే మాట చెల్లదు. కానీ డిపెండెన్సీకి ఒక సంస్కృత సమాసం కడితే పిల్లాడు రెండుసార్లు నేర్చుకోవాలి. తెర మీద ఏ మాట కనిపిస్తుందో పేజీలో ఆ మాటే ఉండాలి. దాని చుట్టూ ఉన్న వివరణ మాత్రం మనం ఇంట్లో మాట్లాడే తెలుగులో ఉండాలి. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లు భోజనాల దగ్గర తగువు పెట్టుకోవచ్చు.

నిజానికి ఈ పద్ధతి నాకు కొత్త కాదు. మన బడిలో లెక్కల సారు పాఠం అయ్యాక ముందు బెంచీని అడిగేవారు కాదు. చివరి బెంచీలో నన్నే లేపి, "నేను చెప్పింది నువ్వు చెప్పు" అనేవారు. నేను తడబడ్డ చోట నన్ను తిట్టకుండా, మళ్లీ బోర్డు దగ్గరికి వెళ్లి ఆ మెట్టు ఇంకోలా రాసేవారు. అప్పుడు అది నన్ను పరీక్షించడమనుకున్నాను. తన పాఠాన్ని పరీక్షించుకోవడమని నాకు యాభై దగ్గరపడ్డాక తెలిసింది.

ప్రధానోపాధ్యాయులకు, సంఘానికి ఒక మనవి. బడిలో కంప్యూటర్ గది ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పూర్వ విద్యార్థులం ఈ సభలోనే తక్కువ మందిమి కాదు. మనలో ప్రతివాడూ ఎక్కడో ఒక మొదటి పేజీ రాసే ఉంటాడు. దాన్ని తెలుగులో రాసి ఇక్కడికి తేవాలి. తొమ్మిదో తరగతి పిల్లలు దాన్ని చదువుతూ చేయాలి. రాసినవాడు వెనక కుర్చీలో కూర్చుని మాట్లాడకూడదు. పిల్లలు ఆగిన చోటల్లా గుర్తు పెట్టుకుని దిద్దుకోవాలి. బాగుపడ్డ మాటలను ఆ పనిముట్లు తయారుచేసేవాళ్లకు కూడా పంపొచ్చు. కంపోజర్ లాంటివాటిలో అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, దిద్ది పంపడమే, తీసుకోవడమో మానడమో వాళ్లిష్టం.

వచ్చే నెల మూడో శనివారం, బడి విడిచాక నేను వస్తాను. కంపోజర్ మొదటి పేజీ తెలుగులో రాసి తెస్తాను. నాకు నలుగురు పిల్లలు కావాలి. కంప్యూటర్ బాగా వచ్చినవాళ్లు వద్దు సారూ, రానివాళ్లనే పంపండి.