తాగుడున్న రోగికి మన సొమ్ము ఎందుకు?

(వార్షిక సభలో రోగుల సేవా కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



ఏటా ఈ వేదిక మీద లెక్కలు చదువుతాం. ఈసారి అవి సంచికలో వేరుగా అచ్చయ్యాయి కనుక, రంజాన్‌లో మీలో కొందరు మమ్మల్ని సూటిగా అడిగిన ప్రశ్నకే ఈ సమయం వాడుకుంటాం. "క్యాన్సర్ రోగికి ఇవ్వండి, కాదనం. తాగి, గుట్కా నమిలి రోగం తెచ్చుకున్నవాడికి మా సొమ్ము ఎందుకు?"

అడగదగ్గ ప్రశ్నే. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి మేము తోడు వెళ్లే రోగుల్లో నోరు, గొంతు క్యాన్సర్లవాళ్లు చాలామంది. పొగాకు, వక్క, సారా మూడూ క్యాన్సర్ తెచ్చేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చింది. తాగుడూ పొగాకూ కలిస్తే ముప్పు కూడిక లెక్కన కాదు, హెచ్చవేత లెక్కన పెరుగుతుంది. అయితే ఏ అలవాటూ లేని తల్లులూ, పసిపిల్లలూ అదే వరండాలో కూర్చుని ఉంటారు. ఎవరి రోగానికి ఎవరు బాధ్యులో తీర్పు చెప్పే పని మాది కాదు.

దాతలకు ముందుగా తెలియవలసింది మరొకటుంది. "ఆస్పత్రిలో చేరాడుగా, ఇక మానేస్తాడులే" అనుకుంటాం. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఉన్నట్టుండి ఆపితే, 6 గంటల నుంచి ఒక రోజు లోపే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండో రోజుకల్లా ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత మతి తప్పి, లేనివి కనబడతాయి. చూసుకునేవాళ్లు లేకపోతే ప్రాణమే పోవచ్చు. తెలంగాణ పల్లెల్లో కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్ల సంగతీ ఇంతే. అందులో కలిపే అల్ప్రాజోలం, డైజెపాం ఒక్కసారిగా అందకపోతే ఒళ్లు తట్టుకోలేదు.

ఆపరేషన్ కోసం చేరిన ఒక తాపీ మేస్త్రి రెండో రాత్రి మంచం దిగి, చేతిలో లేని తాపీతో గోడకు సిమెంటు పూయసాగారు. ఆయన తాగుడు సంగతి ఇంటివాళ్లు డాక్టరుకు చెప్పలేదు. మన ఇళ్లలో ఈ దాపరికం మరీ ఎక్కువ. హరామ్ అని తెలిసిన ఇల్లు కనుకే దాస్తారు. అందుకే మా వలంటీర్లు చేర్పించే రోజే భార్యనో, అన్ననో పక్కకు పిలిచి అడుగుతారు: రోజూ ఎంత? ఆఖరిసారి ఎప్పుడు? నిద్రమాత్రలు కూడా ఉన్నాయా? డాక్టరుకు ముందే తెలిస్తే వణుకు తగ్గే మందులు, బి1 విటమిన్ ఇచ్చి, మనిషిని ఆపరేషన్‌కు సిద్ధం చేస్తారు. అడగడానికి పైసా ఖర్చు లేదు. కాస్త మర్యాదగా అడగడం రావాలి, అంతే.

ఇక నొప్పి సంగతి. క్యాన్సర్ ముదిరిన మనిషికి మామూలు మాత్రలు చాలవు, మార్ఫిన్ కావాలి. అది 1985 మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చే మందు. గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో సులువుగా అందేలా 2014లో చట్టాన్ని సవరించారు. మందు ఉన్నా భయం పోలేదు. "ఇదీ నషాయే కదా" అంటారు ఇంటి పెద్దలు. డాక్టరు పర్యవేక్షణలో నొప్పికి వాడే మందుకు అడ్డు లేదని మేము అడిగిన ఉలమాలు చెప్పారు. "అసలే తాగుబోతు, దీనికీ అలవాటు పడతాడు" అన్న భయాన్ని మాత్రం కొట్టిపారేయలేం. మార్ఫిన్ మీద సారా పడితే శ్వాస మందగించి మనిషి దక్కకపోవచ్చు. అలాగని మాత్ర ఆపేస్తే, నొప్పి ఓర్వలేక అతను వెళ్లేది సీసా దగ్గరికే. డాక్టర్లు చెప్పిన మార్గం నడిమిది: రాసేది ఒక్క డాక్టరే, ఇచ్చేది వారానికి సరిపడానే, మాత్రలు తాళం డబ్బాలో, తాళంచెవి ఇల్లాలి దగ్గర. మిగిలినవి లెక్కపెట్టి ఆస్పత్రికి తిరిగి ఇవ్వాలి. నొప్పి ఇంజక్షన్లకు ముందే అలవాటుపడ్డ ఒంటికి మామూలు మోతాదు చాలదు. కనుక ఎక్కువ అడిగిన ప్రతివాడూ నటిస్తున్నట్టు కాదు.

కమిటీలో పెద్ద వాదన జరిగింది వేరేదాని మీద. రేడియేషన్ మధ్యలో ఒకతను తాగి వచ్చాడు. సాయం ఆపాలా? ఆపాలన్నవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, మీ సొమ్ముకు జవాబుదారీ అనుకున్నారు. కానీ రేడియేషన్ మధ్యలో ఆగితే గడ్డ మళ్లీ పెరిగే వీలుంటుంది, అప్పటిదాకా పెట్టిన ఖర్చూ వృథా. చికిత్స ఆపకూడదని, వ్యసన విముక్తి కౌన్సెలింగ్ దానితోపాటే నడవాలని తీర్మానించాం. నర్సమ్మలను తిడితే మాత్రం ఆ రోజుకు ఇంటికి పంపి, మర్నాడు ఇంటివాళ్లతో రమ్మంటాం. రోగం బయటపడ్డాక మానినా లాభమే. పొగాకు మానితే రేడియేషన్ బాగా పనిచేస్తుంది, గాయాలు త్వరగా మానతాయి. ప్రభుత్వ ఉచిత నంబర్లున్నాయి: మత్తు అలవాట్లకు 14446, పొగాకుకు 1800-11-2356. మీ ఇంటి దగ్గర ఎవరికైనా పనికొస్తే చెప్పండి.

సొమ్ము విషయం. నగదు ఎవరి చేతికీ ఇవ్వం. జకాత్ ఖాతాతో మందులు, పౌష్టికాహారం కొని అర్హుడైన రోగి చేతికే ఇస్తాం. హనఫీ పద్ధతిలో తమ్లీక్ అలా నెరవేరుతుంది. మార్ఫిన్ మేము కొనం, దాచం. అది ఆస్పత్రి పనే. కౌన్సెలర్ గౌరవ వేతనం, ఆటో చార్జీలు, తాళం డబ్బాలు, ముస్లిమేతర రోగుల ఖర్చు, ఇవన్నీ లిల్లాహ్ ఖాతా నుంచే తీయాలి. రంజాన్‌లో జకాత్ ఖాతా నిండుతుంది, లిల్లాహ్ ఖాతా మాత్రం బక్రీద్ నాటికే అడుగంటుతోంది. ఈ ఏడాది రసీదు పుస్తకంలో రెండు గళ్లు వేరుగా పెట్టాం. ఏ గడిలో ఎంత రాయాలో వలంటీరుకు చెప్పి రాయించండి.