ఊట దగ్గరికి వెళ్ళిన ప్రవక్త

(కల్లావి యువజన కూడికలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



ఇప్పుడే రెండవ రాజుల గ్రంథం రెండో అధ్యాయం చివరి భాగం చదువుకున్నాం. యెరికో ఊరి పెద్దలు ఎలీషా దగ్గరికి వచ్చారు. ఊరున్న చోటు బాగుందయ్యా, నీళ్ళే చెడ్డవి అని మొరపెట్టుకున్నారు. మన ఊత్తంగరై, కల్లావి వైపు మనిషి చెప్పినట్టే లేదా ఈ మాట? మామిడి తోటలున్నాయి, దగ్గర్లో పాంబారు ఆనకట్ట ఉంది. బోరు నీళ్ళ సంగతి మాత్రం మీకు తెలుసు.

కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల భూగర్భ జలాల్లో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరు నీటిలో అది 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్ళు లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. అది దాటిన నీళ్ళే తాగుతూ పెరిగితే పిల్లల పళ్ళకు గోధుమ రంగు చారలు పడతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ మెడ, నడుము, మోకాళ్ళు బిగుసుకుపోతాయి. కాచితే ఇది పోదు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. తెలుగువాళ్ళకు ఇది కొత్త బాధ కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు ఈ జబ్బును గుర్తించారు. నల్గొండ జిల్లాలో తరతరాలు దీనివల్ల వంగిపోయాయి.

ఎలీషా ఏం చేశాడు? ఇంటింటికీ పోయి ఒక్కో బిందెలో ఉప్పు వేశాడా? లేదు. నేరుగా ఊట దగ్గరికి వెళ్ళాడు. అక్కడ బాగుచేస్తే ఊరంతా బాగుపడుతుంది, పేదవాడి బిందె కూడా.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట మా సంఘం తరఫున ఒక ఊళ్ళో బోరు వేయించాం. ప్రార్థన చేశాం, ఫోటోలు దిగాం, శిలాఫలకం పెట్టాం. నీళ్ళు పరీక్ష చేయించలేదు. రెండేళ్ళ తర్వాత ఒక తల్లి తన కొడుకు పళ్ళు చూపించి, "అయ్యా, ఇది మన బోరు నీళ్ళ వల్లేనా?" అని అడిగింది. అప్పుడు పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ హద్దు దాటి ఉంది. దానం చేశామని సంతోషించాం గాని, ఏం దానం చేశామో చూసుకోలేదు.

మన రెండు జిల్లాల నీళ్ళను ఊట దగ్గర సరిచేయాలంటే ఒక సంఘం చందా చాలదు, ప్రభుత్వ ధనమే కావాలి. హొగేనక్కల్ ఉమ్మడి తాగునీటి పథకం అలాంటిదే. కావేరి నీటిని శుద్ధిచేసి, ఎత్తి, పైపుల్లో మనదాకా తేవడానికి జపాన్ సహకార సంస్థ 2008లో అప్పు ఇచ్చింది. మొత్తం ఖర్చు 1,928.80 కోట్ల రూపాయలు. 2013 మే 29న ప్రారంభమైంది. ఫ్లోరైడ్ బాధ తగ్గించాలన్న మాట ఆ పథకం పేరులోనే ఉంది.

ఆ తర్వాత 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ వచ్చింది. ఇంటింటికీ కొళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అని లక్ష్యం. తమిళనాడు లాంటి రాష్ట్రాల్లో ఖర్చు కేంద్రం సగం, రాష్ట్రం సగం. 2021 నుంచి 2026 దాకా పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో నూటికి అరవై రూపాయలు నీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే వాడాలని నిబంధన.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఈ డబ్బు ఎవరిది? సబ్బు కొన్నా, సెల్‌ఫోన్ రీచార్జ్ చేసినా మనం పన్ను కడుతున్నాం. జపాన్ అప్పు తీరేది కూడా ఖజానా నుంచే. కాబట్టి కొళాయి ఏ నాయకుడూ పెట్టిన భిక్ష కాదు.

కానీ పైపు వేయడం ఒకటి, నీళ్ళు రావడం ఇంకొకటి. కట్టడానికి నిధులు పుట్టినంత సులువుగా మోటారు బాగుచేయడానికి, పగిలిన పైపు అతకడానికి పుట్టవు. కావేరి నీళ్ళు రాని రోజు డబ్బున్నవాళ్ళు క్యాన్ కొనుక్కుంటారు. చివరి వీధి వాళ్ళు పాత బోరు దగ్గరికే వెళ్తారు. ఆ చివరి వీధి ఎవరిదో మన ఊళ్ళలో అందరికీ తెలుసు. 1927లో మహద్ చెరువు నీళ్ళు తాగడానికే అంబేద్కర్ సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలోనే, పుదుక్కోట్టై జిల్లా వేంగైవయల్‌లో దళితులు తాగే ట్యాంకులో మలం కనబడింది. కాంక్రీటు మారింది గాని మనసు మారలేదు. ప్రభువు సమరయ స్త్రీని నీళ్ళడిగి, ఆమె పాత్రలో తాగడానికి సిద్ధపడ్డాడు. ఆయన పేరు పెట్టుకున్న మనం ఎవరి బిందెను దూరం పెడుతున్నాం?

మీకు మూడు పనులు అప్పగిస్తున్నాను. మొదటిది, గ్రామ సభకు వెళ్ళండి. తమిళనాడులో ఇప్పుడు ఏడాదికి ఆరుసార్లు జరుగుతుంది. మార్చి 22, ప్రపంచ నీటి దినం, అందులో ఒకటి. నీటికి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, మరమ్మతుకు ఎంత మిగిలింది అని మర్యాదగా అడగండి, జవాబు తీర్మానంలో రాయించండి. రెండోది, జల్ జీవన్ మిషన్ ప్రకారం ఊరి నీటి కమిటీలో సగం మంది ఆడవాళ్ళుండాలి, ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలి. మన స్త్రీల సమాజం నుంచి పేర్లివ్వండి. మూడోది, ఇకమీదట ఏ సంఘమూ పరీక్ష చేయించకుండా బోరు వేయొద్దు, ఉన్న బోర్లు కూడా పరీక్షకు పంపండి. మా బోరుకు ఇప్పుడు "తాగడానికి కాదు" అని ఎర్ర రంగుతో రాయించాం. శిలాఫలకం తీసేశాం.

ఆ తల్లి ఇప్పటికీ మా ఆరాధనకు వస్తుంది. వచ్చే గ్రామ సభలో ఆమె లేచి అడగబోతోంది. ఆమె పక్కన ఎవరు నిలబడతారు? ప్రార్థన చేసుకుందాం, తర్వాత పేర్లు రాసుకుందాం.